జిల్ఫా సౌల్ కట్టించుకున్న ఇల్లు

జిల్ఫా సౌల్ ఆల్డర్‌బ్రూక్ స్టేషన్లో రైలు దిగిన రోజు ఊరు ఊరంతా తరలివచ్చింది. బ్యాండు మోగింది. పాదిరిగారు రాసుకొచ్చిన ఉపన్యాసం చదివారు. బడిపిల్లలు పాట పాడారు. జిల్ఫాకి మాత్రం ముందువరసలో నిలబడ్డవాళ్ల కోటు బొత్తాలు తప్ప ఏమీ కనిపించలేదు.

"అన్నయ్యా, ఎవరెవరొచ్చారు?" అని పక్కనున్న ఇకబాడ్‌ని మెల్లిగా అడిగింది.

"అందరూ వచ్చారే. ఒక్క మీ వదిన రాలేదు. పొయ్యిలో రొట్టె ఉందిట."

"అయితే ముందు వదిన దగ్గరికే పోదాం పద. ఆవిడ కూర్చుని ఉంటుంది, మొహమైనా కనిపిస్తుంది."

ఇకబాడ్ ఆరడుగుల రెండంగుళాల మనిషి. సౌల్ కుటుంబంలో అందరూ అంతే, తాటిచెట్టు కాదు గానీ దాదాపు పడవ తెరచాప కొయ్యంత ఉంటారు. ఆ ఇంట్లోనే పుట్టిన జిల్ఫా మూడోయేట ఎదగడం దాదాపు మానేసింది. తర్వాత ఏడాదికి కాస్త, రెండేళ్లకి కాస్త పెరిగి, ముప్పై నాలుగంగుళాల దగ్గర పూర్తిగా ఆగిపోయింది. బుర్ర, గొంతు, మొండితనం మాత్రం అన్నని మించి పెరిగాయి. పంతొమ్మిదో ఏట ఒక ప్రదర్శనశాల యజమాని ఆమె పాట విని న్యూయార్క్ తీసుకుపోయాడు. అక్కణ్ణుంచి లండన్, పారిస్, వియన్నా. 'ఆల్డర్‌బ్రూక్ కోయిల' అని గోడల నిండా ఆవిడ బొమ్మలు. పియానోల మీద నిలబడి పాడింది, భోజనాల బల్లల మీద నాట్యం చేసింది, ఇద్దరు రాణులతో టీ తాగింది. ఇరవై రెండేళ్లు అలా గడిచాయి.

ఆ ఇరవై రెండేళ్లలో ఆమెకి నచ్చనిది ఒక్కటే. పాడటం ఇష్టమే, చప్పట్లు ఇంకా ఇష్టం. కానీ ప్రతివాళ్లూ ఒక మాటైనా అడక్కుండా చంకల కింద చేతులు పెట్టి ఎత్తేసేవాళ్లు. బండి ఎక్కాలంటే ఎత్తడం, కుర్చీలో కూర్చోవాలంటే ఎత్తడం, కిటికీలోంచి చూడాలంటే ఎత్తడం. నలభై ఒకటో ఏట, ఒక హోటల్లో, మంచం మీదికి పనిమనిషి ఎత్తి పడుకోబెడుతుంటే జిల్ఫాకి ఉన్నట్టుండి విసుగు పుట్టింది. తెల్లారేసరికి పెట్టెలు సర్దేసింది.

ఊరొచ్చిన మూడో రోజునే వడ్రంగి ఎల్నేథన్ బంపస్‌కి కబురు పెట్టింది. ఎల్నేథన్ ఇకబాడ్ ఈడువాడు. పెళ్లాం పోయి ఆరేళ్లయింది. చెవి మీద పెన్సిలు, జేబులో మడత కొలబద్ద, నోట్లో ఎప్పుడూ రెండు మేకులు. అందుకే తక్కువ మాట్లాడతాడు. ఆ ఊళ్లో సగం ఇళ్లు అతను కట్టినవే, ఆ సగం ఇళ్లూ ఒకేలా ఉంటాయి.

"మెట్లు నాలుగంగుళాల ఎత్తుండాలి బంపస్ గారూ" అంది జిల్ఫా.

ఎల్నేథన్ మేకులు నోట్లోంచి తీశాడు. "మెట్టంటే ఏడున్నర అంగుళాలు, మిస్ జిల్ఫా."

"ఎవరన్నారు?"

"మా నాన్న. వాళ్ల నాన్న. నాలుగంగుళాలైతే పైగదికి పాతిక మెట్లు కావాలి. ఇల్లంతా మెట్లే అవుతాయి, ఇక మీరెక్కడ కూర్చుంటారు?"

"మెట్ల మీదే కూర్చుంటా. కిటికీ గట్టు అడుగెత్తులో ఉండాలి. పొయ్యికి కాళ్లుండకూడదు. తలుపు గడియ ఇక్కడ." చేయెత్తి తన భుజం దగ్గర చూపించింది.

"అన్నీ చేస్తాను గానీ, ఒక ముక్కాలిపీట చేసిస్తే సరిపోదా? ఒకే పీట, ఎక్కడికి కావాలంటే అక్కడికి తీసుకుపోవచ్చు..."

జిల్ఫా నేల చూపించింది. "బంపస్ గారూ, మోకాళ్ల మీద కూర్చోండి."

"ఏంటీ?"

"కూర్చోండి. మా వదినావాళ్ల వంటింట్లో నాకో కప్పు టీ పెట్టివ్వండి. లేవకూడదు. కావాలంటే పీట వాడుకోవచ్చు."

ఎల్నేథన్ మొండివాడే గానీ పందానికి వెనుదీసేవాడు కాదు. మోకాళ్ల మీద కూర్చున్నాడు. చేతిపంపు అందలేదు, పీట లాక్కున్నాడు. పీటెక్కితే బకెట్ కింద ఉండిపోయింది, దిగాడు. కెటిల్ నింపి పొయ్యి మీద పెట్టబోతే మోచెయ్యి కాలింది. టీ ఆకు డబ్బా పైఅరలో ఉంది. దానికోసం పీట మీద మోకాళ్లతో ఊగుతున్న సమయానికి ఇకబాడ్ భార్య మెహిటబుల్ గుడ్ల బుట్టతో లోపలికొచ్చింది.

"ఏమయ్యా బంపస్, గుడి వదిలేసి మా అలమారకి మొక్కుకుంటున్నావా?"

"టీ పెడుతున్నానండీ."

"ఈ లెక్కన క్రిస్మస్‌కి తాగొచ్చు" అని మెహిటబుల్ బుట్ట దింపి పొట్ట పట్టుకుని నవ్వింది.

ఎల్నేథన్ నవ్వలేదు. పీట దిగి, మోచెయ్యి రుద్దుకుంటూ, మోకాళ్ల మీదే ఆ వంటింటినంతా ఒకసారి కలయజూశాడు. అటక, గడియ, కిటికీ, పంపు. ఆ గదిలో గూళ్లన్నీ చెక్కింది తనే. తర్వాత కొలబద్ద విప్పి, "నిలబడండి మిస్ జిల్ఫా, మోచెయ్యి ఎక్కడికొస్తుందో చూడనివ్వండి" అన్నాడు. ఆరోజు పదిహేడు కొలతలు రాసుకున్నాడు.

వేసవి మొదలయ్యేసరికి ఇల్లు లేచింది. తెల్లరంగు, ఆకుపచ్చ కిటికీ తలుపులు. మెట్లు ఇరవై ఆరు, రెండు గోడలంట మలుపు తిరిగి పైకి పోతాయి. గుమ్మాలు మాత్రం పూర్తి ఎత్తువే. "మా అన్నయ్య తల బద్దలుకొట్టుకోవడానికి కట్టుకుంటున్నానా ఇల్లు?" అంది జిల్ఫా. ప్రతి తలుపుకీ రెండేసి గడియలు, ఒకటి ఆవిడకి, ఒకటి లోకానికి. గృహప్రవేశం నాడు ఊరివాళ్లంతా మెట్లెక్కి చూశారు, ఎక్కిన ప్రతివాళ్లూ తడబడ్డారు. ఏడున్నర అంగుళాలకి అలవాటుపడ్డ కాళ్లు గాల్లో మెట్టు వెతుక్కునేవి. పాదిరిగారైతే రెండుసార్లు బోర్లాపడబోయి, మూడోసారి నిజంగానే పడ్డారు. జిల్ఫా పైనుంచి గబగబా దిగివచ్చి చెయ్యి అందించింది. "మెల్లిగా పాదిరిగారూ. కావాలంటే పీట తెప్పిస్తాను" అంది. ఆ మాట ఊళ్లో నెలరోజులు తిరిగింది.

మొదటి రాత్రి తన మంచం తనే ఎక్కింది. పొద్దున్నే లేచి, మెట్లు దిగి, కిటికీ ముందు నిలబడింది. గట్టు నడుము కిందే ఆగింది. అవతల వాగు, వాగు మీద పొగమంచు, ఇకబాడ్ ఆవులు. ఎవరి చేతుల్లోనూ లేకుండా, ఎవరినీ అడక్కుండా, ఎంతసేపు కావాలంటే అంతసేపు చూసింది. తర్వాత మొక్కజొన్న రొట్టె కాల్చింది. అది మాడి బొగ్గయింది. రాజుల ఇళ్లలో భోంచేసిన మనిషి ఆ మాడురొట్టెని చెరుకుపాకంలో ముంచుకుని మొత్తం తినేసింది.

వంట మాత్రం ఆవిడకి అబ్బలేదు. శనివారం వస్తే ఆ దేశంలో ఇంటింటా కుండలో బీన్స్ ఉడుకుతాయి. జిల్ఫా బీన్స్ పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా పొయ్యిలో ఉన్నా గులకరాళ్లలాగే ఉండేవి. మెహిటబుల్ ఒకటి నోట్లో వేసుకుని, దవడ పట్టుకుని, "వియన్నాలో ఇలాగే పెడతారా?" అని అడిగేది. "ఇంకా గట్టిగా పెడతారు వదినా, అక్కడ పళ్లు మంచివి" అని జిల్ఫా జవాబు. ఎల్నేథన్ ఒక్కడే మాట్లాడకుండా తినేవాడు. మేకులు నోట్లో పెట్టుకునే అలవాటు పనికొచ్చిందని ఇకబాడ్ అనేవాడు.

జూలైలో ఒక బోస్టన్ పత్రిక ఆ ఇంటి గురించి రాసింది. ఆగస్టు నుంచి విహారయాత్రల రైళ్లు మొదలయ్యాయి. జనం గుంపులు గుంపులుగా దిగి, అర మైలు నడిచి, తోటలోకి వచ్చేసి కిటికీలకి మొహాలు ఆనించేవాళ్లు. అడుగెత్తు గట్టు మీదున్న కిటికీలోంచి ఇల్లంతా కనిపిస్తుంది. జిల్ఫా కాఫీ తాగుతుంటే అద్దం మీద ఆరు ముక్కులు. జుట్టు దువ్వుకుంటుంటే పది. ఒకరోజు పువ్వులు కోసుకుంటుంటే ఎవరో పెద్ద టోపీ ఆవిడ వెనకనుంచి వచ్చి, "ఇదిగో చూడండి, నిజంగానే ఎంత తేలికగా ఉందో!" అంటూ ఎత్తి మొగుడికి చూపించింది.

"దించండి" అంది జిల్ఫా, గొంతు పెంచకుండా.

దించింది. జిల్ఫా లోపలికి వెళ్లి ఆకుపచ్చ తలుపులన్నీ మూసేసింది. మూడు వారాలు ఆ ఇంట్లో పట్టపగలే దీపం వెలిగింది.

"ఎత్తైన కంచె కట్టేద్దాం" అన్నాడు ఇకబాడ్.

"గట్లు పైకి లేపేస్తాను. రెండ్రోజుల పని" అన్నాడు ఎల్నేథన్. చెప్పడానికే అతనికి మనసొప్పలేదు, కిందికి చూస్తూ అన్నాడు.

"వద్దు. చలికాలం వస్తే వాళ్లే పోతారు" అంది జిల్ఫా. కానీ మొహంలో వెలుగు లేదు. స్టేజీ మీద చూడటానికి వచ్చినవాళ్లకి తనని తాను ఇచ్చింది, అది బేరం. ఇక్కడ బేరమేమీ లేదు కదా, అనుకునేది.

సెప్టెంబరు మూడో శనివారం పొద్దున్న ఇకబాడ్ వచ్చి తలుపు కొట్టాడు. మనిషి మొహం పాలిపోయి ఉంది. వాగు పక్క చిత్తడినేలని ఇసక పోసి బాగుచేసి, నాలుగెకరాలు క్రాన్‌బెర్రీ తీగ నాటాడు. మూడేళ్లు ఎదురుచూశాక ఇదే మొదటి నిండుకాపు. తీగల కింద ఎర్రగా, పూసలు పరిచినట్టు కాయ.

"గాలి ఉత్తరానికి తిరిగింది జిల్ఫీ. ఆకాశంలో మబ్బుతునక లేదు. ఈ రాత్రి మంచు పడుతుంది. పడితే కాయంతా మెత్తబడి కుళ్లిపోతుంది."

"కూలీలేరీ?"

"పక్క ఊరి మడికి పోయారు. అక్కడ ఎక్కువిస్తామన్నారుట. నేనూ, మీ వదినా, ఎల్నేథనూ, ఇరుగుపొరుగు ఐదుగురూ. సాయంత్రానికి ఒక్క ఎకరం కోస్తే గొప్ప."

అప్పుడే రైలు కూత వినిపించింది. పదిన్నర బండి. ఇకబాడ్ విసుక్కున్నాడు. "ఇదిగో, నీ భక్తులు దిగారు."

జిల్ఫా కూత ఆగేదాకా వింది. తర్వాత, "అన్నయ్యా, ఆ పిండి పీపా గుమ్మం మెట్లకి ఆనించి బోర్లించు. వదినతో చెప్పు, ఇంట్లో ఉన్న బకెట్లు, కుండలు, టోపీలు అన్నీ మడి దగ్గరికి చేర్చమను" అంది. చెప్పి మెట్లెక్కి పైకి పోయింది. దిగివచ్చేసరికి ఒంటి మీద వియన్నాలో వేసుకున్న నీలం పట్టుగౌను, దాని మీద గోనెగుడ్డ ఏప్రన్.

అరవైమంది దాకా వచ్చారు. ఇంటి తలుపులన్నీ బార్లా తెరిచి ఉండటం, ఆవిడే పీపా ఎక్కి నిలబడి ఉండటం చూసి నోళ్లు తెరిచారు. జిల్ఫా గొంతు విప్పింది. మూడువేలమంది కూర్చునే హాలులో చివరి వరసకి వినిపించే గొంతు అది.

"అయ్యలారా, అమ్మలారా! నన్ను చూడటానికి రైలు టిక్కెట్టు కొనుక్కుని వచ్చారు. సంతోషం. కానీ ఈరోజు నేను ఇంట్లో ఉండను. మా అన్నయ్య మడిలో కాయ కోస్తుంటాను. మంచు పడేలోగా నాలుగెకరాలు కొయ్యాలి. చూడాలనుకున్నవాళ్లు అక్కడికే రావచ్చు. ఊరికే నిలబడి చూసేవాళ్లకి మాత్రం చోటు లేదు. తీగలు తొక్కుతారు. కోసేవాళ్లకి కూలి ఉంది, భోజనం ఉంది. రాజుగారు అడిగినా ఇంతకంటే ఇవ్వను!"

ఎవరో నవ్వారు. జిల్ఫా పీపా దిగి, వెనక్కి తిరిగి చూడకుండా మడివైపు నడిచింది. తెర లేచే ముందు కూడా ఎప్పుడూ అంత భయం వెయ్యలేదు. వంద అడుగులు వేశాక వెనక ఎండుగడ్డి మీద అడుగుల చప్పుడు వినిపించింది. ఒకరివి కాదు, చాలామందివి.

క్రాన్‌బెర్రీ కాయ నిలబడి కోసేది కాదు. తీగ నేలకి అంటుకుని ఉంటుంది. ఎల్నేథన్ మడికి అడ్డంగా తాళ్లు కట్టి వరసలు చేశాడు. రెండు తాళ్ల మధ్య ఒక్కొక్కరూ మోకాళ్ల మీద కూర్చుని ముందుకి జరగాలి. పట్నపు టోపీలు, సిల్కు లంగాలు, మెరుగుపెట్టిన బూట్లు, అన్నీ తడి ఇసకలోకి దిగాయి. జిల్ఫాకి మోకాళ్లతో పనిలేదు, కాస్త వంగితే చాలు. రెండు చేతులా తీగ దువ్వుకుంటూ పోతుంటే బకెట్‌లో కాయ జలజలా రాలింది. ఒక పెద్దమనిషి ఇంకా దుర్భిణితో ఆమెనే చూస్తున్నాడు.

"అది జేబులో పెట్టుకోండి బాబూ! కాయ మీ ముక్కు కిందే ఉంది!" అని అరిచింది. చుట్టుపక్కల నవ్వులు. ఆయన ఎర్రబడి వంగాడు. సాయంత్రానికి ఆ వరసలో అందరికంటే ఎక్కువ కోసింది ఆయనే.

పక్క వరసలో హనోరా టియర్నీ అని ఒక బొద్దుమనిషి. బ్రాక్టన్‌లో బూట్లు కుట్టే ఫ్యాక్టరీలో పని. తోలు రాలేదని వారం సెలవిచ్చారుట, సరదాగా రైలెక్కింది. కోస్తూనే మాట్లాడేది. కూతురు ప్రేమించిన వడ్రంగి పిల్లాడు ఎందుకు పనికిమాలినవాడో చెప్పింది. మోకాలి నొప్పికి ఏం రాయాలో చెప్పింది. ఫోర్‌మన్ ఎలా నడుస్తాడో మోకాళ్ల మీదే నడిచి చూపించింది. జిల్ఫా నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. ఆ తుడుచుకోవడంలోనే ఒక సంగతి గమనించింది. హనోరా కళ్లు సరిగ్గా తన కళ్లకి ఎదురుగా ఉన్నాయి. గంటనుంచీ అలాగే ఉన్నాయి. చుట్టూ చూసింది. మడి నిండా మొహాలు, అన్నీ తన ఎత్తులోనే, ఎవరూ తనని చూడటం లేదు. అందరూ కాయ చూసుకుంటున్నారు.

"ఏమ్మా హనోరా, నన్ను చూడ్డానికని వచ్చావు, చూడవేం?" అని వేళాకోళమాడింది.

"చూసేశానుగా" అంది హనోరా తలెత్తకుండా. "బాగానే ఉన్నావు. ఆ బకెట్ ఇటు తొయ్యి."

జిల్ఫా బకెట్ తోసింది. అంత హాయైన మాట తనతో ఎవరూ అన్నట్టు గుర్తురాలేదు ఆమెకి.

మధ్యాహ్నం మెహిటబుల్ బండి మీద చేపల పులుసు, నల్లరొట్టె తెచ్చింది. తక్కువొస్తుందేమోనని జిల్ఫా ఇంట్లో ఉన్న బీన్స్ కుండ కూడా తెచ్చి పెట్టింది. హనోరా బీన్స్ ఒక చెంచా నోట్లో వేసుకుని నమలడం ఆపేసింది.

"ఇవి వండిందెవరు?"

"నేనే" అంది జిల్ఫా.

"మా ఫ్యాక్టరీకి అమ్ము. బూటు మడమలకి మేకుల బదులు కొట్టుకుంటాం. ఎంతసేపు నానబెట్టావు?"

"నానబెట్టడమా?"

మెహిటబుల్ గరిటె చేతిలోనే ఉండిపోయింది. "నానబెట్టట్లేదా? ఇన్నాళ్లూ? నేనేమో పొయ్యి తప్పనుకున్నానే!"

"చెప్పాలిగా వదినా!"

"బీన్స్ నానబెట్టాలని చెప్పడమేంటే? పుట్టిన పిల్లకి కూడా తెలుసు!"

ఎల్నేథన్ మెల్లిగా, "నాకిలాగే అలవాటైపోయింది" అన్నాడు. అరవైమందీ ఒక్కసారి ఫక్కుమన్నారు. అతను చెవుల దాకా ఎర్రబడి మళ్లీ చెంచా ముంచాడు.

సాయంత్రం ఐదున్నర బండికి జనం లేచేసరికి మూడెకరాల ముప్పాతిక అయింది. మిగిలిన మూలన ఇకబాడ్ ఎండుగడ్డి కప్పాడు. బట్టలు పాడై, వేళ్లు ఎర్రబడి, నడుములు పట్టుకుని స్టేషన్‌కి నడుస్తూ ఎవరో పాట ఎత్తుకున్నారు. అందరికీ వచ్చిన పాటే. జిల్ఫా కూడా అందుకుంది. ఎవరూ ఆగి చప్పట్లు కొట్టలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. గొంతుల్లో ఒక గొంతుగా స్టేషన్ దాకా పాడుకుంటూ పోయింది.

మర్నాడు పొద్దున్న చేలన్నీ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. ఇకబాడ్ కొట్టంలో నూట నలభై పీపాల కాయ భద్రంగా ఉంది. ఆయన చెల్లెలి గుమ్మం దగ్గరికొచ్చి, ఏదో చెప్పబోయి, చివరికి "చలిగా ఉంది కదూ" అని వెళ్లిపోయాడు. జిల్ఫాకి అర్థమైంది.

తర్వాత కిటికీ తలుపులు మళ్లీ మూయలేదు. చూడటానికి వచ్చేవాళ్లు వస్తూనే ఉన్నారు. వచ్చినవాళ్లకి ఏదో ఒక పని దొరికేది, కట్టెలు మోయడమో, ఆపిల్స్ ఏరడమో. పని నచ్చనివాళ్లు తొందరగా వెళ్లేవాళ్లు, నచ్చినవాళ్లు మళ్లీ వచ్చేవాళ్లు. హనోరా ఏటా సెప్టెంబరులో వారం ముందే దిగేది. ఆ కూతురు ఆ పనికిమాలిన వడ్రంగినే చేసుకుంది, పిల్లల్ని కంది, వాళ్లూ మడిలోకి దిగారు. ఎల్నేథన్ ప్రతి ఆదివారం భోజనానికి వచ్చేవాడు. పెళ్లి మాట ఒకసారి ఎత్తాడని, "మీ ఇంటికొస్తే మళ్లీ ఏడున్నర అంగుళాలే కదా బంపస్ గారూ" అని ఆవిడ నవ్విందని, అతను కూడా నవ్వాడని అంటారు. ఆదివారాలు మాత్రం మానలేదు.

రెండేళ్ల తర్వాత మార్చిలో జరిగిన ఊరి సభలో బడి కమిటీకి మనుషుల్ని ఎన్నుకున్నారు. ఆడవాళ్లు ఓటు వెయ్యకూడదు గానీ కమిటీలో కూర్చోవచ్చని అప్పటికి కొత్తగా చట్టమొచ్చింది. ఇకబాడ్ లేచి చెల్లెలి పేరు చెప్పాడు. మెహిటబుల్ వెనకనుంచి పొడిచిందని అందరికీ తెలుసు. ఎదురు చెప్పినవాళ్లు ముగ్గురే. ఆ పనిలో జిల్ఫా పద్దెనిమిదేళ్లు ఉంది.

మొదటిసారి బడి చూడటానికి వెళ్లినప్పుడు, పాఠం చదవడానికి లేచిన ఒక ఆరేళ్ల పిల్ల పుస్తకం మూసి ఆమెనే చూస్తూ నిలబడింది. ఇద్దరిలో పిల్లే జానెడు ఎత్తు.

"మీరు పెద్దవాళ్లా, చిన్నవాళ్లా?" అని అడిగింది.

పంతులమ్మ హడలిపోయింది. జిల్ఫా మాత్రం తాపీగా కళ్లజోడు సర్దుకుంది.

"పెద్దదాన్నే. నలభై మూడేళ్లు. నువ్వు?"

"నాకు ఆరు. జనవరిలో ఏడొస్తాయి."

"మంచిది. ఏడొచ్చేలోగా ఆ పేజీ పూర్తి చెయ్యి మరి."

పిల్ల నవ్వి పుస్తకం తెరిచింది. గట్టిగా, ఊపిరి తీసుకోకుండా చదివింది. జిల్ఫా రెండు తప్పులు దిద్ది, బాగా చదివావని చెప్పి, తర్వాతి పిల్లని లేవమంది.